ముంగురులూ, గన్నవరం ఎయిర్‌పోర్టూ

మాది విజయవాడ. ఎనిమిదో క్లాసులో మా వాళ్ళు నాకు పెట్టిన పేరు "గన్నవరం". బెజవాడ వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: మా ఎయిర్‌పోర్టు ఉండేది గన్నవరంలో. నా నుదురు మీద విమానం దిగొచ్చని వాళ్ళ ఉద్దేశం అన్నమాట.

ఇంట్లో చెప్పి ఏడిస్తే అమ్మ, "విశాలమైన నుదురు అదృష్టవంతులకే ఉంటుందే పిచ్చిదానా" అనేది. ఆ అదృష్టం ఎంసెట్ ర్యాంకులో కనపడలేదు గానీ, ఫోటోల్లో మాత్రం బ్రహ్మాండంగా కనపడేది. అప్పట్నుంచీ నాకో అలవాటు పట్టుకుంది. గాలొస్తే చాలు, చెయ్యి నుదుటి మీదకి పోతుంది. బస్సులో కిటికీ సీటు వద్దు, ఫ్యాను కింద కుర్చీ వద్దు, గ్రూపు ఫోటో అంటే చివరి వరస.

ఇంజనీరింగ్ రెండో ఏడాది సెలవుల్లో దీనికో పరిష్కారం కనిపెట్టాను: బ్యాంగ్స్. ముందు జుట్టు కొంచెం కత్తిరించి నుదుటి మీదకి వదిలేస్తే సమస్య మాయం! అమ్మ పెళ్ళికని ఏలూరు వెళ్ళిన రోజు చూసుకుని, తలస్నానం చేసొచ్చి, తడి జుట్టు ముందుకి దువ్వి, పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో కనుబొమల దగ్గర అడ్డంగా ఒక్క కోత కోశాను. అద్దంలో అద్భుతంగా ఉంది.

అరగంట మాత్రమే. తడిసిన జుట్టు సాగుతుందనీ, ఆరాక ముడుచుకుంటుందనీ నాకేం తెలుసు! ఆరుతూ ఆరుతూ పైకి పోయి నుదుటి మధ్యలో ఆగింది. కుడివైపు సుడి ఉన్నచోట నిక్కబొడుచుకుని నిలబడింది కూడా. బ్యాకప్ లేకుండా డేటాబేసులో డిలీట్ కొడితే ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరకముందే తెలిసొచ్చింది. సాయంత్రం అమ్మ వచ్చి, "ఏమిటే ఇది, ఎలుకలు కొరికాయా?" అంది. జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకే పెరుగుతుంది. ఆర్నెల్లు పిన్నులే దిక్కు.

మళ్ళీ ధైర్యం చెయ్యడానికి చాలా ఏళ్ళు పట్టింది. కిందటేడు కొండాపూర్‌లో ఒక సెలూన్‌కి వెళ్ళి కుర్చీలో కూర్చుని, "నుదురు కనపడకుండా కట్ చెయ్యండి" అన్నాను. ఆ అమ్మాయి కత్తెర పక్కన పెట్టేసింది. "దాచుకోవడానికైతే వద్దు మేడమ్. ఇది జుట్టు, పరదా కాదు. గాలొస్తే లేస్తది. రోజంతా మీరు దానికి కాపలా కాయాలె. నచ్చి చేయించుకుంటే వేరే సంగతి" అంది. వచ్చిన బేరాన్ని పోగొట్టుకునే వాళ్ళని నేను చూడ్డం అదే మొదటిసారి. లేచి ఇంటికొచ్చేశాను.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ కథంతా అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ బోసినోటితో ఒకటే నవ్వు. "సాధనా కట్టా! నేనూ చేసుకున్నానే" అంది. నా నోరు తెరుచుకున్నది మూతపడలేదు.

సాధన తెలుసు కదా, పాత హిందీ హీరోయిన్. ఆవిడదీ వెడల్పాటి నుదురే. 1960లో వచ్చిన 'లవ్ ఇన్ సిమ్లా' కోసం దర్శకుడు ఆర్.కె. నయ్యర్ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ తరహాలో ముందు జుట్టు కత్తిరింపించాడు. దేశమంతా ఆడపిల్లలు దాని వెంట పడ్డారు. ఆ గాలి గుడివాడ దాకా వీచిందని మాత్రం నాకు అమ్మమ్మ చెప్పేదాకా తెలీదు. 1964లో ఆవిడ పీయూసీ. ఇంటి దగ్గర నూనె రాసి ఆ నాలుగు వెంట్రుకల్నీ వెనక్కి దువ్వేసుకుని బయల్దేరేదట. కాలేజీ గేటు దాటాక చేతిరుమాలుతో తుడిచి, వేళ్ళతో ముందుకి లాక్కునేదట. ఓ రోజు వాళ్ళ నాన్న బజార్లో చూసేశారు. వారం రోజులు కూతురితో మాట్లాడలేదు.

"అంత గొడవ ఎందుకు పెట్టుకున్నావు అమ్మమ్మా? నీది చిన్న నుదురేగా, దాచుకునే పని కూడా లేదు" అన్నాను.

"దాచుకోడానికేంటే? బాగుంటుందని!" అంది.

అంతే. నాకు పదిహేనేళ్ళుగా తట్టని మాట అది. హైదరాబాద్ రాగానే అదే సెలూన్‌కి పోయి, "బాగుంటుందని" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి కత్తెర తీసింది.

ఈసారి జుట్టు పొడిగా ఉండగానే కోసింది. నడినెత్తికి కాస్త ముందు ఒక మొన, రెండు కనుబొమల బయటి చివరలు రెండు మొనలు, ఆ త్రికోణంలో ఉన్న జుట్టే తీసింది తప్ప ఒక్క పాయ ఎక్కువ తియ్యలేదు. ముందు ముక్కు దాకా ఉంచి, కత్తెర నిలువుగా పట్టుకుని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చింది. సుడి ఉంది కాబట్టి తిన్నగా కాకుండా, మధ్యలో విడిపోయి రెండు వైపులకీ వాలేట్టు చేసింది.

తరవాతి సంగతులు నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి. పొద్దున్నే తలంతా తడపక్కర్లేదు, సింకు దగ్గర ముందు జుట్టు ఒక్కటీ తడిపితే చాలు. తడిస్తే వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే అలా మళ్ళీ కలుస్తాయి. (ఇంటర్ కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి పనికొచ్చింది.) అంచేత దానంతట అది ఆరకముందే డ్రయ్యర్ గాలి పైనుంచి కిందకి కొడుతూ, ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ దువ్వాలి. సుడికి ఎటు తిరగాలో తెలియక ఊరుకుంటుంది. నూనె వెనక జుట్టుకే. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు పక్కకి పిన్ను పెట్టి, ఆఫీసులో తియ్యాలి. ఇంకో ముఖ్యమైన సూత్రం: రాత్రి పన్నెండు తరవాత కత్తెర ముట్టుకోరాదు.

అమ్మ వీడియో కాల్‌లో చూసి ముందు అడిగింది "బొట్టేదే?" అని. జుట్టెత్తి చూపించాను. "ఆఁ, ఉందిలే" అంది. ఇంటి అనుమతి వచ్చినట్టే.

మొన్న ఆఫీసులో డెమో ఇస్తున్నాను. నెత్తి మీదే ఏసీ. తరవాత రికార్డింగ్ చూస్తే, గాలికి ముందు జుట్టంతా లేచిపోయి, పది నిమిషాల పాటు నా రన్‌వే మొత్తం క్లయింటుకి దర్శనమిచ్చింది. నేను చూసింది అది కాదు. నా రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా నుదుటి మీదకి పోలేదు.

ఆ పేరు పెట్టిన మహాతల్లి నిన్న ఫోన్ చేసి, "ఫోటో చూశానే, ఏంటి, గన్నవరం మూసేశారా?" అంది.

"లేదమ్మా, పొగమంచు. ఎండాకాలం వస్తే పిన్ను పెట్టేస్తాగా, సర్వీసులన్నీ మామూలే" అన్నాను.