తమ్ముడికి బొమ్మల పుస్తకం

పిల్లలూ! మీలో చాలామంది ఇళ్ళలో ఇంకా బడికి పోని తమ్ముడో, చెల్లెలో ఉంటారు గదా! వాళ్ళకు ఒక బొమ్మల పుస్తకం కొనే పని మీకే అప్పగించారనుకోండి. ఎట్లాంటిది ఎంచుతారు? ఇది అంత తేలిక పని కాదు. నేను చాలా ఏళ్ళు బడిపంతులుగా, ఆ తరవాత హెడ్‌మాస్టరుగా పనిచేసి, ఇప్పుడు హైదరాబాదు పాతనగరంలోని ఉప్పుగూడలో ఉంటున్నాను. నాకు తెలిసింది చెబుతాను, వినండి.

పిల్లల పుస్తకాలలో బొమ్మలు వెయ్యటం పాత సంగతే. 1658లో కొమేనియస్ అనే గొప్ప పంతులుగారు కొయ్య అచ్చులతో బొమ్మలు వేయించి, లోకాన్నంతా చూపే పుస్తకం ఒకటి జర్మనీలోని న్యూరెంబర్గులో అచ్చు వేయించాడు. కంటికి ఆననిది బుర్రకు ఎక్కదని ఆయన నమ్మకం.

అయితే ఇప్పటికీ చాలామంది పెద్దలు దుకాణంలో మొదట అడిగేదేమిటి? "ఇందులో అక్షరాలున్నాయా? నీతి ఉన్నదా?" అని. అక్షరాలూ నీతీ చెడ్డవి కావు. కాని పసివాడికిచ్చిన ప్రతి పుస్తకమూ పాఠమే అయితే, వాడు బడిలో చేరకముందే పుస్తకానికి మొహం చాటేస్తాడు. అట్లాంటి పిల్లలను నేను ఒకటో తరగతిలో ఎందరినో చూశాను. పుస్తకం విప్పగానే బిగుసుకుపోయేవారు. చదవటమంటే తప్పు దొరికిపోవటమే అని వాళ్ళ భయం.

మా పక్కింటి నాలుగేళ్ళ పాప ఒక పుస్తకంలో ఏనుగు చెట్టెక్కిన బొమ్మ చూసింది. ముందు పకపకా నవ్వింది. తరవాత ఆగి, "తాతా, కొమ్మ విరగదా?" అన్నది.

"ఎందుకు విరగాలి?" అన్నాను.

"ఏనుగు బరువు గదా!"

"మరి కోతి ఎక్కితే?"

పాప కాసేపు ఆలోచించి, "సన్నకొమ్మ విరుగుతుంది, లావుకొమ్మ విరగదు," అన్నది.

చూశారా! బరువును గురించి ఆ పాపకు ఎవరూ పాఠం చెప్పలేదు. జరగనిదాన్ని చూసి నవ్వాలంటే, జరిగేదేమిటో తెలిసి ఉండాలి. అందుకే, "ఏనుగు చెట్టెక్కటమేమిటి, అంతా అబద్ధం!" అని అట్లాంటి పుస్తకాన్ని పక్కన పెట్టెయ్యకండి.

ఇక ఎంచే పద్ధతి. మొదట, మాటలను చేత్తో కప్పి బొమ్మలు మాత్రమే చూడండి. కథ కొంతైనా తెలియాలి. తరవాత, మాటలు చెప్పనిది బొమ్మలో ఏమైనా ఉన్నదేమో వెతకండి. కథ రాజుగారిదే అయినా, మూలన పిల్లి లడ్డు ఎత్తుకుపోతూ ఉండవచ్చు. పసివాళ్ళు దాన్ని మనకంటె ముందే పట్టేస్తారు! ఆ పైన గట్టిగా చదవండి. గిరగిరా, దబ్బున, తటాలున వంటి మాటలు నాలుకకు ఆటగా ఉండాలి. పేజీ తిప్పబోయేముందు, "తరవాతేమిటి?" అనిపించాలి. చివరకు పుస్తకాన్ని పసివాడి చేతికే ఇవ్వండి. "మళ్ళీ చదువు" అన్నాడంటే పరీక్ష నెగ్గినట్టే!

మా వీధిలో కొన్ని ఇళ్ళలో తెలుగు, కొన్ని ఇళ్ళలో ఉరుదూ మాట్లాడతారు. ఒకే బొమ్మను చూసి ఒకరు "పిల్లి" అంటే, మరొకరు "బిల్లీ" అంటారు. ఇద్దరూ నవ్వుతారు. మాటలు లేని బొమ్మల పుస్తకం ఇద్దరిదీను.

ఖరీదని వెనుకాడనక్కరలేదు. మా ఉప్పుగూడ స్టేషనులో లోకల్ రైలెక్కి కాచిగూడలో దిగితే, ఆబిడ్స్ ఎంతో దూరం లేదు. ఆదివారాలు అక్కడ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చయి, చక్కని రంగుల బొమ్మలతో పిల్లల పుస్తకాలు వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. వాటిలో కొన్నిటిని సికిందరాబాదులోని 'మంచి పుస్తకం' వారు మళ్ళీ వేశారు. 2004లో మొదలైన 'ప్రథమ్ బుక్స్' వారి తెలుగు పుస్తకాలూ చౌకే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పుస్తకం మూయగానే, "ఇందులో నీతి ఏమిటి?" అని అడగకండి. "నీకేం కనిపించింది?" అని అడగండి. జవాబు వినటానికి మాత్రం తీరిక చేసుకోండి.