లెక్క కూడా అమానతే

డిగ్రీ రెండవ సంవత్సరం పరీక్షలు ముగిసిన వేసవిలో, మా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఆరు వారాలు పనిచేసే అవకాశం నాకు లభించింది. అంతవరకు నేను చేసిన ప్రయోగాలన్నింటికీ జవాబు పుస్తకంలో ముందే అచ్చయి ఉండేది. ఈసారి ఈగలను పెంచి, లెక్కించి, జవాబును నేనే రాబట్టవలసి వచ్చింది.

ఇంట్లో అనుమతి సులభంగా రాలేదు. ఈగల కోసం ఆడపిల్ల సెలవులన్నీ ధారపోయడమేమిటని బంధువులు విస్తుపోయారు. అబ్బాజాన్ రెండు రోజులు ఆలోచించి, “చేసి చూడు బేటీ! నీ పని చూశాక ఎమ్మెస్సీ సంగతి మాట్లాడుకుందాం” అన్నారు. కనుక ఆ ఆరు వారాల మీదే నా పైచదువు ఆధారపడి ఉంది.

నాకు అప్పగించిన ప్రాణి డ్రోసోఫిలా. మగ్గిన అరటిపండ్లపై ముసిరే చిన్న ఈగ ఇదే. దీనికి ఉన్నవి 4 జతల క్రోమోజోములే. 25 డిగ్రీల వద్ద సుమారు 10 రోజుల్లో గుడ్డు ఈగగా మారుతుంది. అందువల్ల ఒక్క వేసవిలోనే మనుమల తరాన్ని కూడా చూడవచ్చు. బొంబాయి రవ్వ, బెల్లం, అగర్ కలిపి ఉడికించి, బూజు పట్టకుండా కొద్దిగా ప్రోపియోనిక్ ఆమ్లం చేర్చి, చల్లారిన తరువాత ఈస్ట్ చల్లితే వాటి ఆహారం సిద్ధమవుతుంది. ఈ వివరం విని అమ్మీ, “ఇది హల్వాయే కదా!” అని నవ్వారు.

అసలు శ్రమ ఆడ ఈగలను వేరుచేయడంలో ఉంది. కోశం నుండి వెలువడిన 8 గంటలలోపు వేరుచేయకపోతే అవి జతకట్టి ఉండవచ్చు. అప్పుడు సంతానం ఎవరిదో చెప్పలేము. ఉదయం ఏడింటికి సీసాలు ఖాళీ చేసి, మధ్యాహ్నం రెండింటిలోపు కొత్తగా వచ్చిన వాటిని ఏరేదాన్ని. అందుకోసం తమ్ముడు ఎండలో ప్రతిరోజూ నన్ను దిగబెట్టి వెళ్లేవాడు.

ఎర్రకళ్ల ఆడ ఈగలను తెల్లకళ్ల మగ ఈగలతో జతపరిచాము. మొదటి తరంలో అన్నింటికీ ఎర్రకళ్లే వచ్చాయి. తెల్లకంటి లక్షణం ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది గనుక, రెండవ తరంలో ఆడవన్నీ ఎర్రకళ్లతోను, మగవాటిలో సగం తెల్లకళ్లతోను రావాలి. ఈథర్‌తో మత్తిచ్చి, సూక్ష్మదర్శిని కింద కుంచెతో జరుపుతూ లెక్కించాను. ఆడవి 241, అన్నీ ఎర్రకళ్లవే. మగవాటిలో ఎర్రకళ్లవి 131, తెల్లకళ్లవి 96.

రావలసింది చెరి సగం, అంటే 113 లేదా 114. మరుసటి రోజే నివేదిక ఇవ్వాలి. “పదిహేడు ఈగలను అటునుంచి ఇటు మార్చి రాసెయ్యి, ఎవరు చూస్తారు?” అంది తోటి విద్యార్థిని. ఆ మాట నన్ను కలవరపెట్టింది. ప్రయోగం విఫలమైందని ఇంట్లో చెబితే ఎమ్మెస్సీ ఆశ అక్కడితో ఆగిపోతుందేమో! అయినా చూసిన లెక్కనే రాసి మేడమ్ ముందుంచాను.

ఆమె కై-వర్గ పరీక్ష చేయించారు. యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడానికి హద్దు 3.84, మా విలువ 5.4. అప్పుడామె 1910లో థామస్ హంట్ మోర్గాన్ ప్రచురించిన అంకెలు చూపించారు: రెండవ తరంలో ఎర్రకళ్ల ఆడవి 2,459, ఎర్రకళ్ల మగవి 1,011, తెల్లకళ్ల మగవి 782. ఆయనకూ తెల్లకళ్లవి తక్కువే! తెల్లకళ్ల ఈగలకు బ్రతికి బయటపడే శక్తి కొంత తక్కువ. మోర్గాన్ తన అంకెలను సరిదిద్దలేదు. ఉన్నవి ఉన్నట్లే అచ్చు వేశారు. ఈ ఈగలతో చేసిన పరిశోధనకే 1933లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేను పదిహేడు ఈగలను మార్చి ఉంటే, ఆ బలహీనత నా పుస్తకంలో కనిపించేదే కాదు.

అబ్బాజాన్‌కు కిరాణా దుకాణం ఉంది. రాత్రి భోజనాల తరువాత నా నోటుపుస్తకం తెరచి, ఒక్కో పేజీ అర్థం చెప్పమన్నారు. అంతా విని, “తూకంలో వచ్చినదే రాశావన్నమాట. ఎమ్మెస్సీ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి?” అని అడిగారు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మాయి ప్రయోగశాలకు వెళతానంటే వెంటనే కాదనకండి. సాయంత్రం ఆమె నోటుపుస్తకం అడిగి చూడండి. అందులోని అంకెలు మీకు అర్థం కాకపోయినా, వాటిని ఎలా రాబట్టిందో ఆమె నోటనే వినండి.