బాబాయి తెచ్చిన మడత కత్తి

పారిస్‌లో ఉంటున్న మా బాబాయి మొన్న యానాం వస్తూ, ఎర్రపిడి ఓపినెల్ మడత కత్తి తెచ్చాడు. ఎనిమిదో నంబరు, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. చేతిలోకి తీసుకోగానే ఇంత తేలికా అనుకున్నాం.

మామ్మ మాత్రం ముట్టుకోలేదు. ఫ్రెంచివాళ్ల రోజుల్లో తాతయ్య జేబులో ఉండే పేరులేని మడత కత్తి ఒకసారి ఉన్నట్టుండి మూసుకుపోయి ఆయన చూపుడువేలు తెగింది. ఆ వేలు మళ్లీ సరిగా వంగలేదు.

ఈ కత్తి మెడకి ఒక రింగు ఉంది. బ్లేడు తెరిచి రింగు తిప్పితే ఇక మూసుకోదు. ఓపినెల్ వాళ్లు ఈ రింగు పెట్టింది 1955లో. ఫ్రెంచివాళ్లు యానాం వదిలిన మరుసటి ఏడు.

జామకాయలు సన్నగా తెగాయి. బ్లేడు పలచన, కొబ్బరి చిప్పల జోలికి పోకండి. చెక్క పిడి తడిస్తే ఉబ్బుతుంది, తుడిచి పెట్టుకోండి. పిల్లల చేతికిచ్చే ముందు రింగు తిప్పడం నేర్పండి.

సాయంత్రం మామ్మే కత్తి అడిగింది. రింగు రెండుసార్లు తిప్పి చూసుకుని, జామకాయ కోసి, మొదటి ముక్క బాబాయి చేతిలో పెట్టింది.

"మీ నాన్నకి ఇలాంటిది ఉండాల్సిందిరా" అంది.