ఖబర్ పెట్టడం వేరు, చేర్చడం వేరు

మా ఖాలా కొడుకు ఒక విమాన కంపెనీలో డిస్పాచర్. మొన్న దావత్‌లో "భాయ్‌జాన్, మాకు ఖబర్ లేకపోయినా ముసీబతే, ఎక్కువైనా ముసీబతే" అన్నాడు.

నోటమ్‌ల గురించి ఆ మాట. ఫలానా రన్‌వే మూశారు, ఫలానా లైటు వెలగడం లేదు, దగ్గర్లో క్రేన్ నిలబెట్టారు... ఇలాంటి ఖబర్లన్నీ కంప్యూటర్లు జమచేసి, సఫర్‌కి ముందు పైలట్ల చేతికిస్తాయి. 2023 జనవరి 11న అమెరికాలో ఆ డేటాబేస్ ఫైల్ పాడైతే, ఆ పొద్దున దేశంలో విమానాలు బయలుదేరకుండా ఆపేశారు. వేల విమానాలు ఆలస్యమయ్యాయి.

అది ఖబర్ లేని ముసీబత్. రెండోది 2017 జులై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. రెండు జంట రన్‌వేల్లో ఒకటి మూసి, లైట్లు ఆర్పేశారు. ఆ సంగతి ఎయిర్ కెనడా పైలట్లకిచ్చిన 27 పేజీల కాగితాల్లో 8వ పేజీలో ఉంది. ఉన్నా దిమాగ్‌లో నిలవలేదు. రెండు రన్‌వేలూ తెరిచే ఉన్నాయనుకుని, వెలుగుతున్న రన్‌వే పక్కనున్న టాక్సీవేని రన్‌వే అనుకుని దాని మీదికి దిగబోయారు. అక్కడ 4 విమానాలు ముసాఫిర్లతో వరసగా నిలబడి ఉన్నాయి. నేలకి దాదాపు 60 అడుగుల దాకా వచ్చి పైకి లేచారు. అల్లా బచాయా! ముఖ్యమైన ఖబర్ కళ్లకి కనబడేలా ఇవ్వాలని దర్యాప్తు చేసినవాళ్లు తర్వాత సిఫారసు చేశారు.

వింటుంటే నా గుండె కలుక్కుమంది. నిరుడు అబ్బా ఆపరేషన్ శుక్రవారం అనుకున్నాం. డాక్టర్ గురువారానికి మార్చారు. తమ్ముడు ఆ మాట ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద ఎవరిదో సాల్‌గిరా ముబారక్‌లు, దువాల బొమ్మలు, బిర్యానీ వీడియోలు. నేను వేలితో పైకి తోసేశాను. గుంటూరు నుంచి తీరిగ్గా శుక్రవారం పొద్దున చేరాను.

ఆపరేషన్ బాగానే అయింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ లోపలికి తీసుకెళ్లేదాకా అబ్బా తలుపు వైపే చూస్తూ ఉన్నారట. "బడా ఆయా క్యా?" అని అమ్మీని రెండుసార్లు అడిగారట.

తమ్ముడి మీద కోపం వచ్చింది. "పెట్టాను కదా భయ్యా" అన్నాడు. నిజమే, పెట్టాడు. నేనూ గ్రూపు తెరిచి చూశాను. తప్పు ఎవరిదో ఇప్పటికీ ఫైసలా చేయలేను.

ఖబర్ ఒక అమానత్. గుమ్మంలో పడేసి వస్తే అప్పగించినట్టు కాదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడొక ఉసూల్: ముబారక్‌లు గ్రూపులో, జరూరీ మాట ఫోన్లో. అవతలివాళ్లు ఆ మాట తిరిగి చెప్పాకే పెట్టేయాలి.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అబ్బాకి సోమవారం చెకప్, పది గంటలకి. చెప్పు భయ్యా, ఎప్పుడు?"

"సోమవారం, పది గంటలకి" అన్నాను.