తుంగనాథ్ దారిలో ఐరిస్ పువ్వు



హిమాలయాలు అనగానే మీకు మంచు గుర్తుకు వస్తుంది కదూ! ఆ మంచు కరిగీ కరగకముందే తడి నేలను చీల్చుకొని ఊదారంగు పువ్వు ఒకటి తల ఎత్తుతుంది. జానెడు ఎత్తయినా ఉండదు. దాని పేరు ఐరిస్. దానిని చూడటానికి ఉత్తరాఖండ్ కొండలకు వెళదాం, రండి.

రైలులో ఢిల్లీ మీదుగా హరిద్వారం చేరి, ఋషీకేశం నుంచి మోటారు దారి పట్టాలి. దేవప్రయాగలో అలకనందా, భాగీరథీ కలిసి గంగ అవుతాయి. రుద్రప్రయాగలో మందాకిని వచ్చి అలకనందలో కలుస్తుంది. మందాకిని వెంబడి పైకి పోయి, ఊఖీమఠం దాటి, అడవుల నడుమ చోప్తా చేరుతాము. చోప్తా సముద్రమట్టానికి సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ బండి దిగి నడవాలి. రాళ్ళు పరచిన బాటన సుమారు మూడున్నర కిలోమీటర్లు ఎక్కితే తుంగనాథ దేవాలయం వస్తుంది. దాని ఎత్తు 3,680 మీటర్లు. పంచకేదారాలలో ఇది మూడవది.

చలికాలంలో ఇక్కడ మంచు దట్టంగా కురుస్తుంది. అందుచేత గుడి తలుపులు మూసి, ఉత్సవమూర్తిని క్రింద ఉన్న మక్కూమఠం గ్రామానికి తీసుకుపోతారు. మళ్ళీ గుడి తెరిచేది ఏప్రిల్ చివరనో, మే నెలలోనో. మన ఐరిస్ కూడా ఇంచుమించు ఆ రోజులలోనే నిద్ర లేస్తుంది.

బాట మొదట్లో పెద్ద పెద్ద చెట్లుంటాయి. వసంతంలో ఎర్రని పూలతో నిండిపోయే చెట్టును అక్కడివారు బురాంశ్ అంటారు. పైకి పోయినకొద్దీ చెట్లు పొట్టివవుతాయి. ఆ తరువాత చెట్లే ఉండవు, అంతా పచ్చిక బయలు. ఈ బయళ్ళను బుగ్యాల్ అంటారు. ఎందుకిలా జరుగుతుంది? వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 3,500 మీటర్ల ఎత్తున ఎంత తగ్గుతుందో మీరే గుణించి చూడండి. దాదాపు 23 డిగ్రీలు! అంత చలిలో, గాలిలో, పెద్ద చెట్టు బ్రతకటం కష్టం. నేలను అంటిపెట్టుకొన్న చిన్న మొక్కలే నెగ్గుకు రాగలవు.

ఇక వంగి చూడండి. అదుగో, ఐరిస్! లేత ఊదా రేకులమీద ముదురు ఊదా మచ్చలు, సిరా చల్లినట్లు. శాస్త్రజ్ఞులు దీనిని ఐరిస్ కెమాఓనెన్సిస్ అంటారు. అంటే కుమావూన్ ఐరిస్ అన్నమాట. మనం నిలబడింది గఢ్వాల్ సీమలో; దానికి తూర్పున ఆనుకొని ఉన్నదే కుమావూన్. నేపాల్, టిబెట్టులలోనూ ఈ మొక్క ఉన్నది. ఐరిస్ అంటే గ్రీకు భాషలో ఇంద్రధనుస్సు. ఈ జాతి పూలలో అన్ని రంగులుంటాయి కనుక ఆ పేరు తగినదే.

ఈ పువ్వు ఒక చిన్న ఇల్లు వంటిది. దానికి మూడు వాకిళ్ళు. బయటి మూడు రేకులు క్రిందికి వాలి అరుగులవలె ఉంటాయి. ప్రతి అరుగుమీదా పసుపు కొసలుగల తెల్లని నూగు, చిన్న కుంచెలాగ ఉంటుంది. లోపలి మూడు రేకులు నిటారుగా నిలుస్తాయి. ప్రతి అరుగుపైనా చూరులాగ మరొక రేకు వంగి ఉంటుంది. నిజానికి అది రేకు కాదు, కీలం. అంటే పుప్పొడిని అందుకొనే భాగం. దాని క్రింద కేసరం దాగి ఉంటుంది.

తుమ్మెద అరుగుమీద వాలి, తేనె కోసం చూరు క్రిందకు దూరుతుంది. చూరు అంచున ఒక పలుచని పెదవి ఉన్నది. తుమ్మెద వేరొక పువ్వునుంచి వీపున మోసుకొచ్చిన పుప్పొడిని ఆ పెదవి గీకి తీసుకొంటుంది. తుమ్మెద ఇంకా లోపలికి పోతే ఈ పువ్వు కేసరంలోని పుప్పొడి దాని వీపుకు అంటుతుంది. మరి తిరిగి వచ్చేటప్పుడు ఆ పుప్పొడి ఈ పెదవికే అంటదా? అంటదు. బయటికి వచ్చే తుమ్మెద పెదవిని మూసివేస్తూ వస్తుంది. ఈ వాకిలి పుప్పొడి ఇదే వాకిట రాలకుండా ఎంత చక్కని ఏర్పాటో చూశారా!

ఇంకొక చిత్రం. పువ్వు క్రింద ఉన్నది కాడ అనుకొంటాము. కాని అందులో చాలా భాగం పువ్వు గొట్టమే, సుమారు అయిదారు సెంటీమీటర్లు. గింజలు తయారయ్యే అండాశయం అడుగున, నేల దగ్గర ఉంటుంది. మీ ఇంట పాయసంలో వేసే కుంకుమపువ్వు కూడా ఈ కుటుంబంలోనిదే. కాశ్మీరులో పాంపోరు పొలాలలో పండే ఆ మొక్కకైతే అండాశయం మట్టిలోపలే ఉంటుంది.

ఇన్ని ఏర్పాట్లున్న పువ్వు రాలిపోతుంది. అప్పుడు ఐరిస్ ఏమి చేస్తుంది? అసలు పని అప్పుడే మొదలు పెడుతుంది! పూసేటప్పుడు పొట్టిగా ఉన్న ఆకులు ఆ తరువాత పొడుగు పెరిగి మూరెడవుతాయి. వాటిని చూచినవారు గడ్డి అనుకొంటారు. ఆ ఆకులు ఎండలో ఆహారం తయారుచేసి నేలలోని కొమ్ముకు పంపుతాయి. ఈ సంగతి మన రైతులకు బాగా తెలుసు. పసుపు పండించే దుగ్గిరాల ప్రాంతంలోనో, నిజామాబాదులోనో అడిగి చూడండి. ఆకు పచ్చగా ఉండగా పసుపు త్రవ్వరు. ఆకు ఎండేదాకా ఆగుతారు. ఆకు బ్రతికి ఉన్నంతకాలం కొమ్ము ఊరుతూ ఉంటుందని వారి అనుభవం. ఐరిస్‌కూ అంతే. మంచు మళ్ళీ కప్పేలోగా, ఆ కొద్ది నెలలలో కొమ్ము నిండితేనే వచ్చే వేసవిలో పువ్వు.

కనుక పువ్వును కోయకపోతే చాలదు. చాలామంది పువ్వు కనబడితే పక్కకు తప్పుకొంటారు, పువ్వు లేకపోతే బాట విడిచి అడ్డదారిన పచ్చికలో పడి నడుస్తారు. నలిగిన ఆకు కొమ్మును పోషించలేదు. నలుగురు నడిచిన చోట పచ్చిక పోతుంది, వానకు మట్టి కొట్టుకుపోతుంది, మట్టితో కొమ్మూ పోతుంది. పొలంలో పసుపు పోతే రైతు మళ్ళీ నాటుతాడు. ఆ కొండమీద ఐరిస్‌ను నాటేవారెవరూ లేరు. తుంగనాథ్ వెళ్ళినప్పుడు మీరూ, మీ అమ్మానాన్నలూ రాతి బాట మీదనే నడవండి.

అంతవరకు మీ ఊళ్ళోనే ఒక పని చేయండి. పూలగుత్తులలో పెట్టే గ్లాడియోలస్ పువ్వు ఒకటి, దండలు కట్టే ఒంటి రేకుల లిల్లీ ఒకటి తెచ్చి, నెమ్మదిగా విప్పి కేసరాలు లెక్కపెట్టండి. గ్లాడియోలస్‌లో మూడే ఉంటే అది ఐరిస్ కుటుంబంలోనిదే. లిల్లీలో ఎన్ని ఉన్నవో బొమ్మ గీసి మీ నోటుబుక్కులో వ్రాసుకోండి.