ఒక మాట, మూడు పద్దులు

బ్యాంకు ఉద్యోగంలో చేరిననాటి నుంచి నేను ఎక్కువసార్లు రాసిన ఇంగ్లీషు మాట 'ఇంట్రెస్ట్'. బి.కాం.లో దాన్ని లెక్కగా నేర్చుకున్నాను. అసలు, శాతం, కాలం తెలిస్తే చాలు, వచ్చేస్తుంది. దాన్ని మాటగా పట్టించుకున్నది మా రాయల్పాడు వైపు రైతులతో మాట్లాడడం మొదలుపెట్టాకే.

మా శ్రీనివాసపురం తాలూకాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. పహణి కన్నడంలో ఉంటుంది. బ్యాంకు కాగితాల్లో ఇంగ్లీషు పాలు ఎక్కువ. డబ్బు మీద పెరిగేదాన్ని మనం వడ్డీ అంటాం, కన్నడంలో బడ్డి. వేరు బేరు అయినట్టే, వెన్న బెణ్ణె అయినట్టే ఇక్కడా వకారం బకారమైంది. రెంటికీ మూలం సంస్కృతంలోని 'వృద్ధి'. ఇంతవరకు చిక్కు లేదు.

విచిత్రమేమంటే, 'ఇంట్రెస్ట్'ను కూడా మనవాళ్లు ఇంట్లోకి తెచ్చుకున్నారు. "పిల్లోడికి చదువు మీద ఇంట్రెస్ట్ లేదప్పా" అంటారు. వడ్డీ ముందే ఇంట్లో ఉంది గనుక ఇంగ్లీషు మాట ఆసక్తి అనే ఒక్క అర్థంతోనే గడప దాటింది. మూడో అర్థం బయటే నిలిచిపోయింది.

భూమి తాకట్టు పెట్టేవాడికి కావలసింది ఆ మూడోదే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షను ప్రకారం తాకట్టు అంటే, అప్పుకు భరోసాగా స్థిరాస్తిలోని ఒక 'ఇంట్రెస్ట్'ను బదిలీ చేయడం.

కొన్నేళ్ల క్రితం మామిడితోట మీద అప్పు కోసం ఒక పెద్దాయన వచ్చాడు. కుర్ర ఉద్యోగి కాగితం చదివి, "తోటలో మీ ఇంట్రెస్ట్ బ్యాంకుకు రాసిస్తున్నారు" అన్నాడు. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"అదేంది సార్, వడ్డీ ఎట్లాగూ కడతా గదా. మళ్లా తోటలో వడ్డీ అంటే, కాయలో భాగమా?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఊళ్లో భూమిని భోగ్యానికి ఇస్తే, వడ్డీకి బదులు పంట అప్పిచ్చినవాడు తింటాడు. ఆయన చూసిన లోకం అది.

'ఆసక్తి' అంటే నవ్వుతాడు. 'హక్కు' అంటే తోటే పోయిందనుకుంటాడు. అందుకని, "తోట మీదే, కాయ మీదే, సాగు మీదే. అప్పు తీరేదాకా తోట మీద బ్యాంకుకు ఒక పట్టు ఉంటుంది. బాకీ కట్టకపోతే ఆ పట్టుతో కోర్టుకు పోయి తోటను అమ్మించవచ్చు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పట్టు అంటే తెలస్తా ఉండాది సార్" అన్నాడు. సంతకం మాత్రం ఆ రోజు పెట్టలేదు. కొడుకుతో మాట్లాడి మర్నాడు వచ్చి పెట్టాడు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. చీనా భాషలో బ్యాంకు వడ్డీని 'లీషీ' అంటారు, ఆసక్తిని 'షింగ్‌చూ' అంటారు, హక్కూ ప్రయోజనమూ కలిసినదాన్ని 'చుయెన్‌యీ' అంటారు. అనువదించేవాడు ముందు సందర్భం తేల్చుకోక తప్పదు. లీషీలో 'లీ' అంటే లాభం. 'షీ'కి ఊపిరి అనీ, పెరుగుదల అనీ అర్థాలున్నాయి. మన వృద్ధి ఎక్కడ, వాళ్ల షీ ఎక్కడ! డబ్బు పెరుగుతుందన్న ఊహ రెండుచోట్లా ఒకటే. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ మాటకైతే 'నడుమ ఉండడం' అని అర్థం. నడుమ ఉన్నది డబ్బా, మనసా, భూమా అన్నది వినేవాడే తేల్చుకోవాలి.

అప్పు కాగితాల చివర 'చదివి వినిపించగా అర్థం చేసుకున్నాను' అనే వరుస ఒకటి కనిపిస్తుంది. నిఘంటువులో ఉన్న మాట చెప్పినంత మాత్రాన ఆ వరుస నిజం కాదు. కింద వేలిముద్ర వేసే మనిషి ఇంట్లో ఏ మాటకు ఏ అర్థం ఉందో కనుక్కుని చెప్పాలి. దానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. కౌంటరు ముందు వరుస ఎంత పొడుగున్నా ఆ పది నిమిషాలు నేను తగ్గించను.