గీత కింద చుక్క

మా ఇంట్లో సత్తు గిన్నె చెయ్యి జారితే చాలు, సొట్ట పడేది. "ఏం సరుకురా ఇది!" అని అమ్మ విసుక్కునేది. ఆ అల్యూమినియమే నా ఎం.టెక్. ప్రాజెక్టవుతుందనీ, అది నాకే సొట్ట పెడుతుందనీ అప్పుడేం తెలుసు?

లోహం పైకి ఒకే ముద్దలా కనిపించినా, లోపల అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల కూర్పు. వాటిని మేం గ్రెయిన్లంటాం. లోహం వంగడమంటే పరమాణువుల వరుసలన్నీ ఒక్కసారి కదలడం కాదు. బరువైన జంపఖానాకు ముడత పెట్టి, ఆ ముడతను నెట్టుకుంటూ జరిపినట్టు, డిస్‌లొకేషన్ అనే లోపం వరుసల మధ్య పాకుతూ పోతుంది. గ్రెయిన్ సరిహద్దు దానికి పొలంగట్టులా అడ్డం. మడులు చిన్నవైన కొద్దీ గట్లెక్కువ; గట్లెక్కువైన కొద్దీ లోహం గట్టి. 1951లో హాల్, 1953లో పెచ్ ఉక్కు మీద ఈ లెక్క తేల్చారు. గ్రెయిన్ సైజు నాలుగో వంతుకు తగ్గితే, సరిహద్దుల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది.

అల్యూమినియం పొడిని ఆర్గాన్ వాయువులో ఉక్కు గుండ్లతో బాల్ మిల్లులో ఆడించి, గ్రెయిన్లను నానోమీటర్లలోకి దించి, బిళ్ళలుగా నొక్కి, కాఠిన్యం కొలవడం నా పని. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. గ్రాఫు మీద నాలుగు చుక్కలు గీత వెంట బుద్ధిగా కూర్చున్నాయి. ఐదోది, అన్నిటికన్నా సన్నటిది, 35 నానోమీటర్లది, బాగా కిందికి జారింది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అక్కడే.

తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి హాస్టల్లో ఆ చుక్కను రబ్బరుతో చెరిపేశాను. థీసిస్ ఇవ్వడానికి పది రోజులే గడువు. "నాలుగు చాలవట్రా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు రూమ్మేటు.

తెల్లారేసరికి బుద్ధి ఇంకో వైపు తిరిగింది. గ్రెయిన్ మరీ చిన్నదైతే లోహం తిరిగి మెత్తబడుతుందని 1989లో చోక్షీ, ఆయన సహచరులు రాగి, పలాడియంల మీద రాశారు కదా! అల్యూమినియంలో నాకూ అదే దొరికిందేమో! చెరిపిన చోటే ఎర్రసిరాతో చుక్క పెట్టి సార్ గదికి పరిగెత్తాను.

సార్ కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏమోయ్, అది మామూలుగా పది, ఇరవై నానోమీటర్ల దగ్గరి మాట. అక్కడ గ్రెయిన్లే ఒకదాని పక్కనొకటి జారిపోతాయి. నీది ముప్పై అయిదు. బిళ్ళ సాంద్రత చూశావా?"

చూడలేదు. మైనం పూసి నీళ్ళలో తూచాను. అల్యూమినియం సాంద్రత 2.70, నా బిళ్ళది 2.43. నూటికి పది పాళ్ళు ఖాళీయే! సన్నగా ఆడిన కొద్దీ పొడి గట్టిపడుతుంది. గట్టిపడిన పొడి నొక్కినా సర్దుకోదు. అంటే లోహం గట్టిదనమే నా బిళ్ళను గుల్ల చేసింది.

మొహం వేలాడేశాను. సార్ నవ్వారు. "1989 నాటి నమూనాల మీదా ఈ రంధ్రాల ప్రశ్న వచ్చిందోయ్. సిగ్గెందుకు? 2006లో హువాంగ్, హాన్సెన్, త్సుజీ ఏం చూశారు? బాగా రోల్ చేసిన అల్యూమినియంను 150 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తే, మెత్తబడాల్సింది కాస్తా గట్టిపడింది. వాళ్ళూ నీలాగే రబ్బరు పట్టుకునుంటే?"

రబ్బరు సంగతి నేను చెప్పలేదు. కాగితం మీది మరక చెప్పింది.

ఈసారి పొడిని వేడి మీద నొక్కాను. రంధ్రాలు చాలావరకు మూసుకున్నాయి గాని, ఆ వేడికి గ్రెయిన్లూ కొంచెం పెరిగాయి. చుక్క గీత దగ్గరికి ఎక్కింది, గీత మీద మాత్రం కూర్చోలేదు. పాత చుక్కా, కొత్త చుక్కా, రెంటి సాంద్రతలూ థీసిస్‌లో పెట్టేశాను.

వైవాలో ఎగ్జామినరుగారి వేలు తిన్నగా ఆ ఎర్రచుక్క మీదే పడింది. బుద్ధిగా కూర్చున్న నాలుగింటి గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. దీని గురించి పావుగంట మాట్లాడించారు. ప్రాజెక్టులో నేను నిజంగా నేర్చుకున్నదంతా ఆ పావుగంటలోనే ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ గ్రాఫులోనూ ఒక చుక్క ఎప్పుడో జారుతుంది. రబ్బరు తీసే ముందు బిళ్ళను ఓసారి నీళ్ళలో తూచి చూడండి.